నాలుగు వందల పన్నెండో ముఖం

ఏడ్చే పిల్లల్ని నవ్వించేవాళ్ళు వీధికి ఇద్దరుంటారు. నవ్వే పిల్లల్ని ఏడిపించేవాళ్ళకైతే లెక్కే లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి ఆ జాబితాలో నేనూ ఉంటాను. కానీ ఏడ్చే పిల్లని ఏడవనివ్వకుండా, నవ్వనూ నవ్వనివ్వకుండా, సరిగ్గా నడిమధ్యలో ఆపగలిగిన మనిషిని మాత్రం నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పని ఫొటోలు తీయడం. మా బడి పిల్లల గుర్తింపు కార్డులకి ఏటా ఆయనే వచ్చి ఫొటోలు తీసేవాడు.

ఆయనకీ ఒక పేరు ఉండే ఉంటుంది. ఆ పేరు వాడినవాళ్ళని నేను చూడలేదు. పిల్లలందరూ "కదలకు తాత" అనేవాళ్ళు, ఎందుకంటే ఆయన నోట్లోంచి రోజుకి వెయ్యిసార్లు వచ్చే మాట అదొక్కటే. టీచర్లం కూడా ఆయన లేనప్పుడు అలాగే అనుకునేవాళ్ళం, ఉన్నప్పుడు "ఫొటోగారూ" అని గౌరవించేవాళ్ళం. ఒకసారి కూరగాయల దుకాణం దగ్గర వాళ్ళావిడే నన్నాపి, "మా కదలకు ఇటేమైనా వచ్చారా టీచరుగారూ" అని అడిగింది. అన్నాక నాలిక కరుచుకుందనుకోండి. నేను విననట్టు వంకాయలు ఏరుకున్నాను.

ఆయన స్టూడియో అంటే మందుల షాపుకీ సైకిలు రిపేరు షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది. వెనక గోడకి తెల్లగుడ్డ, దాని ముందు గిర్రున తిరిగే స్టూలు, అటొకటి ఇటొకటి గొడుగు లైట్లు. రెండింట్లో ఒకటి వెలిగేది, రెండోది దానికి తోడుగా నిలబడేది. గోడకి అద్దం, అద్దానికి దారంతో కట్టేసిన దువ్వెన. దువ్వెనని ఎందుకు కట్టేశారని అడిగితే, "మూడు పోయాయి టీచరమ్మా. ఒకటి పట్టుకుపోయినాయనకి అసలు జుట్టే లేదు" అన్నాడు. ఇంకో మేకుకి నల్లకోటు వేలాడుతుండేది. ముందునుంచి చూస్తే అది కోటు, వెనకనుంచి చూస్తే వరసగా పిన్నీసులు. ఎవరి ఒంటికైనా సరిపోతుంది. మా బ్యాంకు మేనేజరుగారి కార్డు చూసినా, ఆయన గది బయట కూర్చునే ప్యూను కార్డు చూసినా ఒకటే కోటు.

పదహారేళ్ళప్పుడు బావగారి స్టూడియోలో చేరాడట ఆయన. అక్క మొగుడు. ఆ బావగారు పెద్దవాళ్ళ ఫొటోలు మాత్రమే తీసేవాడు, పిల్లలొస్తే ఒంట్లో బాగాలేదనేవాడు. ఒకరోజు ఎనిమిది నెలల పిల్లాణ్ణి తెచ్చారు. వాడు ముప్పావుగంట ఏడ్చాడు. గిలక ఊపారు, చిటికెలు వేశారు, వాళ్ళ నాన్న కోతిలా గెంతాడు. గెంతినకొద్దీ వాడు ఇంకాస్త గట్టిగా ఏడ్చాడు. బావగారు టీ తాగొస్తానని వెళ్ళిపోయాడు. మనవాడు విసుగొచ్చి, ఇక నావల్ల కాదని, ఆ పిల్లాడి పక్కనే నేలమీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూడటం మొదలుపెట్టాడు. పిల్లాడు ఓ రెండు నిమిషాలు ఏడ్చి, పక్కవాడు ఏం చూస్తున్నాడా అని తనూ పైకి చూశాడు. పైన ఏముంది, సున్నం. ఇద్దరూ చాలాసేపు సున్నాన్ని చూశారు. ఆ సందులో మనవాడు మెల్లగా లేచి ఫొటో తీసేశాడు.

"ఏడుపు ఆపమంటే ఆగదు టీచరమ్మా," అని ఆయన నాతో ఎన్నోసార్లు అన్నాడు. "పక్కన దానికంటే ముఖ్యమైన పనొకటి జరుగుతుంటే, అదే సిగ్గుపడి లేచిపోతుంది."

ఇక్కడ కార్డు ఫొటో నిబంధనలు చెప్పాలి, లేకపోతే ఆయన గొప్పతనం అర్థం కాదు. నోరు మూసి ఉండాలి. కళ్ళు రెండూ తెరిచి ఉండాలి. చెవులు రెండూ కనబడాలి. నవ్వకూడదు, ఏడవకూడదు, ఆశ్చర్యపోకూడదు. ముఖం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉండాలి. పిల్లలకి అలాంటి ముఖం పుట్టుకతో రాదు, ఉద్యోగంలో చేరాక వస్తుంది.

నేను చెప్పబోయే సంగతికి ముందు ఏడాది మా బడి కార్డులు పదకొండు వెనక్కొచ్చాయి. ఇద్దరు కళ్ళు మూసుకున్నారు. నలుగురు ఏడుస్తున్నారు. ఒకడు నాలిక బయటపెట్టాడు. ముగ్గురు నవ్వారు. ఒక ఫొటోలో పిల్లాడితో పాటు వాడి చెవి పట్టుకున్న చెయ్యి కూడా పడింది. ఆ చెయ్యి ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం. మొత్తానికి ఆ ఏడాది కదలకు తాతకి ఒళ్ళు వెచ్చబడి, పొద్దున పది గంటల వరకే చూసుకుని మిగతాది మాకు వదిలేసి పోయాడు. మేం చేసిన నిర్వాకం అది.

మా హెడ్మాస్టరుగారు ఎర్రసిరా మనిషి. ప్రతి కాగితం మీదా స్కేలు పెట్టి ఎర్రగీత గీస్తేగానీ ఆయనకి అన్నం సయించదు. అందుకని ఆయన్ని ఎర్రగీత అనేవాళ్ళం. ఈసారి ఫొటోలకి వారం ముందు ఆయన కదలకు తాతని పిలిచి, బల్ల మీద ఒక రంగుల కాగితం పెట్టాడు. ఏదో కంపెనీవాళ్ళది. గోడకి మెషీను బిగిస్తారట, పిల్లలు వరసగా నడుస్తుంటే మూడు సెకన్లకి ఒక ఫొటో అట.

"ఈ సంవత్సరం ఒక్క కార్డు వెనక్కొచ్చినా, వచ్చే ఏడాది నుంచి వీళ్ళే," అని ఎర్రగీత ఆ కాగితం కింద గీత గీశాడు. "ఒక్కటంటే ఒక్కటి."

కదలకు తాత బయటికొచ్చి వరండాలో నా పక్కన కూర్చున్నాడు. "మెషీను పిల్లల్ని ఊరుకోబెడుతుందా టీచరమ్మా?"

"మీరే చెప్పాలి. మెషీన్లతో తిరిగేది మీరు."

"ఫోన్లొచ్చాక స్టూడియోకి ఎవరొస్తున్నారు. మీ బడే మిగిలింది. ఇదీ పోతే గది ఖాళీ చేసి మా అల్లుడి టైర్ల షాపులో కూర్చోవాలి. కుర్చీ కూడా వేసి ఉంచాడు, దొంగవెధవ. ప్రేమగా వేశాడు, అదే బాధ." లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "టైరుని ఊరుకోబెట్టక్కర్లేదు కదా. అది ఏడవనే ఏడవదు. రోజంతా ఏం చెయ్యను?"

అదీ సంగతి. నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు, ఒక్కరోజు. సాయంత్రం అయిదింటికి కార్డులు అచ్చువేసే ఆఫీసు వ్యాను వచ్చి ఫొటోల చిప్పు పట్టుకుపోతుంది. ఆలోపు నాలుగు వందల పన్నెండు కడిగిన పళ్ళాలు కావాలి.

ఆ రోజు తాత స్టూలు, గుడ్డ, లైట్లు, దువ్వెన కట్టిన అద్దం అన్నీ తెచ్చి బళ్ళో ఒక గదిలో పెట్టుకున్నాడు. పలక పని నాకిచ్చారు. ప్రతి పిల్లకీ ఒక నెంబరు. నేను ఆ నెంబరు పలక మీద సుద్దతో రాసి పిల్ల ఒళ్ళో పెట్టాలి. ఫొటోలో కింద అంచున నెంబరు పడుతుంది, ఆఫీసువాళ్ళు ఆ నెంబరు చూసి పేరు కలుపుకుని, కింద భాగం కత్తిరించేస్తారు. ఒకే నెంబరుతో రెండు ఫొటోలుంటే మొదటిదే తీసుకుంటారు. ఇది వాళ్ళ నిబంధన. కాస్త గుర్తుపెట్టుకోండి, నేనే మర్చిపోయాను.

పొద్దున్నే చిన్నపిల్లలు. మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు, అరవైమంది. ఒకడు ఏడిస్తే చాలు, దగ్గు అంటుకున్నట్టు వరసంతా అంటుకుంది. అరవై నోళ్ళు తెరుచుకున్నాయి. వరండాలో పావురాలు లేచిపోయాయి. కదలకు తాత ఎవర్నీ ఊరుకోమనలేదు. కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"ష్. చిట్టి పడుకుంది."

ముందు నిలబడ్డవాడు ఏడుపు మధ్యలోనే అడిగాడు. "చిట్టి ఎవలు?"

"ఎలుక. ఈ కెమెరాలోనే ఉంటుంది. రాత్రంతా నిద్రలేదు పాపం. నువ్వు అరిస్తే లేస్తుంది. లేస్తే వైర్లు కొరుకుతుంది. అప్పుడు నన్ను తిడతారు."

"ఎవలు తిడతాలు?"

తాత తలుపువైపు చూశాడు. అక్కడ ఎర్రగీత స్కేలుతో నిలబడి ఉన్నాడు. పిల్లాడికి విషయం అర్థమైంది. నోరు మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, కెమెరాలోకి చూశాడు. క్లిక్. అయిపోయింది. పోతూ పోతూ జేబులోంచి సగం కొరికిన బిస్కెట్టు తీసి చిట్టికిమ్మని ఇచ్చాడు. అరవై మంది అయ్యేసరికి కెమెరా సంచీ నిండా బిస్కెట్టు ముక్కలు, వేరుశనగపప్పులు, ఒక బొత్తాం, ఎవరిదో రబ్బరు. ఎలుక ఉండుంటే నిజంగానే బలిసిపోయేది.

వాళ్ళ వెనక ఒకటో తరగతి వరస. అందులో కదలకు తాత మనవరాలు ఉంది. కూతురి కూతురు, టైర్ల షాపు అల్లుడి బిడ్డ. ఆరేళ్ళ పిల్ల, అరవయ్యేళ్ళ మాటలు. ఇంట్లోనూ బళ్ళోనూ దాన్ని ఆరిందా అనేవాళ్ళం. మొదటిరోజే నా చీర చూసి, "టీచర్, కుచ్చిళ్ళు ఒకవైపు జారాయి, తర్వాత సర్దుకోండి, ఇప్పుడు పాఠం చెప్పండి" అన్న పిల్ల. దాని నెంబరు డెబ్భై మూడు. పిలిస్తే, "నాకు దాహమేస్తోంది, తర్వాత వస్తా" అని నీళ్ళ కుళాయి వైపు వెళ్ళిపోయింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. జాబితాలో దాని పేరు చివరికి మార్చి, వెనకవాళ్ళని ఒక్కో నెంబరు ముందుకి జరిపి, దానికి నాలుగు వందల పన్నెండు ఇచ్చాను.

ఒకటి, రెండు తరగతుల ఏడుపు వేరు. వాళ్ళకి కారణాలుంటాయి. పెన్సిలు విరిగింది, పన్ను ఊడింది, ఎవరో కొత్త జడపిన్ను చూసి ఏమీ అనలేదు. అలాంటివాళ్ళకి తాత ఉద్యోగం ఇచ్చేవాడు. "అమ్మాయ్, ఈ తీగ గట్టిగా పట్టుకో. వదిలావంటే లైటు ఆరిపోద్ది. ఇంతమందిలో నీకే ఇస్తున్నా." ఆ తీగ రెండో చివర గాలిలో వేలాడుతూ ఉండేది, దేనికీ తగిలించి లేదు. పిల్ల ఊపిరి బిగబట్టి పట్టుకునేది. బాధ్యత మీద పడ్డాక మనిషి ముఖం ఎలా ఉంటుందో అచ్చం అలా ఉండేది. కడిగిన పళ్ళెం.

నాలుగు, అయిదు తరగతుల దగ్గర మాత్రం నాకు ప్రాణం మీదికొచ్చింది. స్నేహితురాలు వేరేవాళ్ళతో కలిసిందని ఒక పిల్ల వెక్కుతోంది. తాత స్టూలు ఎత్తు సరిచేస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు, "ఏడు ఎనిమిదులు యాభై నాలుగు కదా" అన్నాడు.

పిల్ల ముక్కు ఎగబీల్చింది. "కాదు."

"యాభై నాలుగే. మీ టీచరమ్మే చెప్పింది."

"కాదు తాతా, యాభై ఆరు." కోపం వచ్చింది దానికి. ఏడుస్తూ తప్పులు దిద్దడం మనిషికి సాధ్యం కాదు, రెండింటికీ ఒకటే గొట్టం. ఏడుపు ఆగిపోయింది. క్లిక్.

"నా పేరెందుకు చెడగొడతారండీ?" అన్నాను.

"మీ పేరు చెప్తేనే వాళ్ళకంత కోపమొస్తుంది టీచరమ్మా. చెప్పింది మీరు కాబట్టి యాభై నాలుగు అని ఉండరని వాళ్ళకి ఖాయం." పొగిడాడో ఏం చేశాడో ఇప్పటికీ తేలలేదు.

మధ్యాహ్నం పైతరగతులు. పద్నాలుగు, పదిహేనేళ్ళవాళ్ళు. వీళ్ళు ఏడవరు. ముక్కు మీద మొటిమ లేచిందని, నిన్న చేయించుకున్న క్షవరం బాగా రాలేదని, లోపల్లోపల ఉడుకుతుంటారు. ఒకడు తల పైకెత్తలేదు. జుట్టు కళ్ళమీదికి లాక్కుని, "నేను దిగను. ఏం చేస్కుంటారో చేస్కోండి" అన్నాడు. నేనైతే బెంచీ ఎక్కించేదాన్ని. కదలకు తాత పదమూడేళ్ళు దాటినవాళ్ళని "మీరు" అనేవాడు.

"మీ ఇష్టం సార్," అన్నాడు. "నాకూ లెన్సు తుడుచుకునే పనుంది. అయిదు నిమిషాలు పడుతుంది. అద్దం అక్కడుంది, దువ్వెన దానికే కట్టి ఉంది, నేనిటు తిరుగుతున్నా. టీచరమ్మా, మీరూ ఇటు తిరగండి."

నేనూ తిరిగాను. గోడని చూస్తూ నిలబడ్డాం. ఒక ఫొటోగ్రాఫరు, ఒక టీచరు, ముందు గోడ. వెనకాల దారం లాగిన చప్పుడు, దువ్వెన చప్పుడు, అద్దం మీద ఊపిరి చప్పుడు. మూడు నిమిషాలయ్యాక వెనకనుంచి, "సరే, తీసుకోండి" అని గొంతు వినబడింది. జుట్టు వెనక్కి దువ్వి, చెవులు రెండూ బయటపెట్టుకుని, యువరాజులా కూర్చున్నాడు. ఒక ముసలాయన తనని సార్ అన్నాడన్న గౌరవం ఆ ముఖంలో నుంచి వారంపాటు పోలేదు.

నాలుగున్నరకి నాలుగు వందల పదకొండు అయిపోయాయి. నేను పలక తుడిచి 412 రాశాను. ఆరిందా ఎక్కడుందని చూస్తే, టీచర్ల గదిలో, పెద్ద బల్ల కింద, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయి, ముక్కు టమోటాలా. పొద్దున్నుంచీ విడతలు విడతలుగా ఏడుస్తోందన్నమాట.

తాత స్టూలు, గుడ్డ, లైటు అన్నీ ఆ గదిలోకే మార్పించాడు. "అదెంతసేపు టీచరమ్మా. నా చేతుల్లో పెరిగిన పిల్ల," అన్నాడు. బల్ల పక్కన నేలమీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూశాడు.

బల్ల కిందనుంచి మాట వచ్చింది. "ఇది పాపాయిల ట్రిక్కు. నేను పాపాయిని కాను."

తాత లేచి కూర్చున్నాడు. తీగ ముక్క తీశాడు. "అమ్మాయ్, ఈ తీగ కాస్త..."

"దాని ఆ చివర ఎక్కడా తగిలించలేదు. నాకు తెలుసు. దాన్ని నా ముందే కత్తిరించావు."

"సరేలే. ఏడు ఎనిమిదులు..."

"యాభై నాలుగు అంటావు. నేను ఒప్పుకుంటా. యాభై నాలుగే."

తాత ముఖం వాడిపోయింది. నా వైపు చూశాడు. అప్పుడు నాకు తెలిసింది. ఈ ఆరేళ్ళూ ఆయన కనిపెట్టిన ప్రతి ఉపాయమూ ముందు ఇంట్లో దీనిమీదే చేసి చూసేవాడట. బాగా పనిచేస్తే మర్నాడు స్టూడియోకి తెచ్చేవాడు. నాలుగు వందల పదకొండు మందిని ఊరుకోబెట్టిన సరుకంతా ఈ బల్ల కింది పిల్ల మీద ఎప్పుడో వాడేసిన సరుకు. లోకంలో ఆయన ఊరుకోబెట్టలేని పిల్ల ఒక్కతే ఉంది, అది ఆయన తయారుచేసిందే.

ఎర్రగీత గుమ్మంలో నిలబడి గడియారం చూశాడు. "పదిహేను నిమిషాలు."

ఆయన వెళ్ళాక తాత చివరి ఆయుధం తీశాడు. కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని, "ష్. చిట్టి..."

అంతే. పిల్ల భోరుమంది. నాకు తెలిసి ఆ రోజంతా ఆ బళ్ళో అంత పెద్ద ఏడుపు లేదు. "చిట్టి నాదన్నావు. నాకొక్కదానికే కనిపిస్తుందన్నావు. పేరు కూడా నేనే పెట్టాను. పొద్దున్న అందరికీ చెప్పేశావు. ఆ ముక్కు కారేవాడికి కూడా చెప్పావు. వాడు దానికి ఎంగిలి బిస్కెట్టు పెట్టాడు."

తాత నడిచివెళ్ళి, వేరే కుర్చీ ఏదీ దగ్గరలో లేక, ఆ గుండ్రటి స్టూలు మీదే కూర్చుండిపోయాడు. కెమెరా బల్లమీద పెట్టి, తెల్లగుడ్డ ముందు, చేతులు ఒళ్ళో వేసుకుని.

"నా దగ్గర ఇంకేం లేవే," అన్నాడు. "అయిపోయాయి. చిట్టి నీదే. నిన్నడక్కుండా వాడుకున్నా. తప్పు చేశాను."

బల్లకింద వెక్కిళ్ళు కాస్త తగ్గాయి. "అడగాల్సింది."

"అడగాల్సింది."

"ఇప్పుడడుగు. ఎంతమందికి చెప్పావు?"

"అరవై మంది."

"అరవై సార్లు అడుగు."

బయట వ్యాను హారన్ మోగింది. తాత బేరమాడి ఆరుకి తెచ్చాడు. మనిషి బొంగురుపోయిన గొంతుతో ఆరుసార్లు అడిగాడు. "ఆరిందాగారూ, చిట్టిని ఈపూటకి అప్పిస్తారా." అయిదోసారి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

పిల్ల బల్లకిందనుంచి పాకుతూ బయటికొచ్చింది. ఆయన ముఖంలోకి వంగి చూసింది. "ఏడుస్తున్నావా?"

"లేదు. చెమట."

"చెమట కళ్ళలోంచి రాదు." అని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నడుంమీద చేతులు పెట్టుకుంది. అచ్చం వాళ్ళ తాతే. "టైర్ల షాపుకి వెళ్ళాల్సొస్తుందనా? అమ్మ చెప్పింది."

ఆయన తలూపాడు.

పిల్ల కళ్ళు తుడుచుకుని కెమెరా అందుకుంది. అంత కెమెరాని రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుని, "తాతా," అంది, "ఏడు ఎనిమిదులు యాభై నాలుగు కదా."

"యాభై ఆరు," అన్నాడాయన, ఠక్కున. అన్నాక తెల్లబోయాడు. జీవితమంతా తను వేసిన వలలో తనే పడ్డాడు. కళ్ళు పొడిగా అయిపోయాయి. పెదవుల చివర ఏదో కదలబోయింది.

"నవ్వకు. పళ్ళు కనబడకూడదు. చెవులు బయటికి పెట్టు. ఇటు చూడు." పిల్ల ఒక కన్ను మూసుకుంది. "కదలకు."

కదలకు అన్న మాట నా చెవిన పడగానే, నా చెయ్యి నన్నడక్కుండా పలక తీసి స్టూలు మీద మనిషి ఒళ్ళో పెట్టింది. ఏం చెయ్యమంటారు, పొద్దున్నుంచి నాలుగు వందల పదకొండుసార్లు అదే పని చేసింది ఆ చెయ్యి. నెంబరు 412. క్లిక్.

తర్వాత ఆరిందా స్టూలెక్కింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ముక్కు తుడుచుకుని, జుట్టు చెవుల వెనక్కి తోసుకుని, వృత్తిలో ఉన్న మనిషిలా కూర్చుంది. పలక ఒళ్ళో పెట్టాను. క్లిక్. ఇంతలో వ్యాను డ్రైవరు లోపలికే వచ్చేశాడు. తాత కెమెరాలోంచి చిప్పు తీసి కవర్లో పెట్టాడు, ఎర్రగీత కవరు మీద గీత గీశాడు, డ్రైవరు పట్టుకుని పోయాడు. వ్యాను వీధి మలుపు తిరిగాక నాకు పలక గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఎవరికీ చెప్పలేదు. ధైర్యం చాలలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఉద్యోగం అయిపోయింది కాబట్టి.

మూడు వారాలకి పెట్టె వచ్చింది. ఆ మూడు వారాలూ నేను సరిగా తినలేదు. ఎర్రగీత తన గదిలో బల్లమీద కార్డులన్నీ పరిచాడు. కదలకు తాత ఆ మూల, నేను ఈ మూల. ఆయన స్కేలుతో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టాడు. ఏడ్చినవాళ్ళు లేరు. కళ్ళు మూసినవాళ్ళు లేరు. ఎవరి చెవి పక్కనా ఎవరి చెయ్యీ లేదు. నాలుగు వందల పదకొండు దాకా వెళ్ళి, చివరి కార్డు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చూశాడు.

కార్డు మీద వివరాలు ఇవి: ఒకటో తరగతి, బి సెక్షను. వయసు ఆరు. ఆడపిల్ల. ఫొటోలో కదలకు తాత. కళ్ళు రెండూ తెరిచి, నోరు మూసుకుని, చెవులు రెండూ కనబడేలా, నవ్వకుండా, ఏడవకుండా. మీసంతో. అన్ని నిబంధనల ప్రకారం ఆ నాలుగు వందల పన్నెండింట్లోకీ అంత ఒద్దికైన ముఖం ఇంకోటి లేదు. అందుకే ఆఫీసులో ఎవరూ దాన్ని తిప్పిపంపలేదు.

"ఇదేమిటి," అన్నాడు ఎర్రగీత.

"మా మనవరాలు తీసిందండీ," అన్నాడు తాత. ఆ గొంతులో భయం కంటే గర్వమే ఎక్కువ వినబడింది.

ఎర్రగీత పెట్టెలో వచ్చిన చీటీ తీసి చదివాడు. వెనక్కి వచ్చినవి: సున్నా. దాన్ని చూశాడు, కార్డు చూశాడు, కంపెనీ కాగితం మీద తనే గీసిన గీత చూశాడు. ఒక్క కార్డు వెనక్కొస్తే కంపెనీ. వచ్చిందా? రాలేదు. ఇప్పుడు దిద్దించాలంటే తనే వెనక్కి పంపాలి. పంపితే వెనక్కి పంపినవాడు తనే అవుతాడు. పాపం ఆ మనిషి నిబంధనకి తల ఇచ్చేవాడు, ఆ పూట నిబంధన ఆయన తలనే అడిగింది. చాలాసేపు స్కేలుని కార్డు మీద ఆనించి కూర్చున్నాడు. చివరికి స్కేలు తీసేసి, కంపెనీ రంగుల కాగితం మడిచి, కదులుతున్న బల్ల కోడు కింద పెట్టాడు.

"వచ్చే ఏడాది తేదీ మళ్ళీ చెప్తాను," అన్నాడు.

కదలకు తాత బయటికొచ్చి వరండాలో కూర్చుని నవ్వాడు. పళ్ళన్నీ కనబడేలా, కళ్ళు మూసుకుపోయేలా. ఏ కార్డుకీ పనికిరాని ముఖం.

ఆరిందాకి మాత్రం ఇంకో కార్డు చేయిస్తామంటే ఒప్పుకోలేదు. "బాగానే వచ్చిందిగా. నేను తీసిందేగా," అని ఏడాదంతా తాత ముఖాన్ని మెళ్ళో వేసుకుని తిరిగింది. గేటు దగ్గర కాపలా ఆయన రోజూ కార్డు చూసి, పిల్లని చూసి, "పెరిగావమ్మా" అని పంపేవాడు. చిన్న తరగతుల్లో ఎవరు ఏడ్చినా అది వెళ్ళి ఎదురుగా నిలబడి కార్డు పైకెత్తేది. "ఇటు చూడు. ఈయన్ని చూడు. ఏడుస్తున్నాడా? లేదుగా. వయసు చూడు, ఆరు." పిల్లలు ఏడుపాపి, వేలుపెట్టి, మీసం లెక్కపెట్టేవాళ్ళు. నా పనిలో సగం అదే చేసింది ఆ సంవత్సరం.

ఒకరోజు మధ్యాహ్నం ఎర్రగీత పై ఆఫీసు మీటింగు నుంచి వచ్చాడు. అక్కడెవరో గట్టిగానే మాటలన్నారట. ముఖం గంటు పెట్టుకుని వరండాలో నిలబడ్డాడు. ఎవరూ దగ్గరికి పోలేదు. ఆరిందా నీళ్ళ కుళాయి దగ్గరనుంచి వస్తూ ఆగి, ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి, మెళ్ళో కార్డు తీసి ఎత్తి పట్టుకుంది.

"కదలకండి," అంది.

ఆయన కదల్లేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని, స్కేలు చంకలో పెట్టుకుని, నోరు మూసుకుని, కళ్ళు రెండూ తెరిచి, చాలాసేపు ఆ కార్డునే చూస్తూ నిలబడ్డాడు.